కథల గదికి రాని పిల్లలు

పాలు పితుక్కుని పెరట్లోంచి వస్తున్న వెంకటరావమ్మకు వంటింట్లో ఎవరో ముసలి గొంతుతో దగ్గుతూ మాట్లాడుతున్నట్టు వినిపించింది. గుమ్మం దగ్గరికొచ్చి చూస్తే ముసలాళ్లెవరూ లేరు. కోడలు బిందుమాధవి గరిటె పట్టుకుని నక్కలా వంగి నడుస్తోంది. ఎనిమిదేళ్ల మనవరాలు భవ్య పళ్లు తోముకోవడం మానేసి, నోట్లో బ్రష్షుతోనే పడీ పడీ నవ్వుతోంది. పొయ్యి మీద ఉప్మా సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

"ఉప్మా అడుగంటింది. దానికీ నవ్వొస్తందేమో చూడు," అంది వెంకటరావమ్మ, పాలచెంబు గట్టు మీద ఠపీమని పెడుతూ.

బిందుమాధవి నాలుక కరుచుకుని గబగబా స్టవ్వు ఆపేసింది. "రెండో శనివారం పిల్లలకు చెప్పాల్సిన కథ అత్తయ్యా. ఒకసారి చేసి చూసుకుంటున్నా."

"కథ చెప్పడానికి కూడా రిహార్సలా? మా అమ్మ ఏం నేర్చుకుని చెప్పిందే మాకు?"

"మీ అమ్మగారికి పుట్టుకతో వచ్చింది. నాకు రాలేదుగా, నేర్చుకోవాలి మరి," అని నవ్వేసింది బిందుమాధవి.

ఇదుగో, ఈ నవ్వే వెంకటరావమ్మకు ఒళ్లు మండించేది. ఎదురు తిరిగితే నాలుగు దులపొచ్చు. మూతి ముడిస్తే అదీ ఒక దారి. ఏమన్నా నవ్వేసే కోడల్ని ఏం చేసుకోవాలి? భర్త యలమందయ్య పోయిన నాటి నుంచి మిరపా పత్తీ తానే వేయించి, కూలీలతో తానే అరిచి, కొడుకు శివరామకృష్ణను చదివించి అద్దంకిలో పురుగుమందుల కొట్టు పెట్టించిన మనిషి ఆవిడ. వీధి మొదట్లో నిలబడి కేకేస్తే చివరింట్లో వాళ్లు బయటికి రావాల్సిందే. వెంకటరావమ్మ మనసు మంచిదే అంటారు ఊళ్లో సగం మంది. ఆ సగం మందీ ఆవిడ దగ్గర కూలికి వెళ్లేవాళ్లు కాదు లెండి.

బిందుమాధవిది పాత గ్రంథాలయానికి పేరుపడ్డ వేటపాలెం. అక్కడ పుట్టి పుస్తకాల మీద మోజు లేకుండా ఎట్లా ఉంటుంది? డిగ్రీ చదివింది. భవ్య బడికి వెళ్లడం మొదలయ్యాక ఊళ్లో శాఖా గ్రంథాలయంలో పిల్లల విభాగం చూసుకునే పనికి కుదిరింది. పర్మినెంటు కాదు, జీతమూ పెద్దది కాదు. గ్రంథపాలకుడు సాల్మన్ గారు పాత పేపర్లు పెట్టుకునే గది ఖాళీ చేయించి ఇస్తే, అందులో చాపలు పరిచి, గోడలకు పిల్లల చేతే బొమ్మలు వేయించి, శనివారాలు కథలు చెప్పడం మొదలుపెట్టింది. మొదట్లో భవ్య, కూలీల పేటలోని దాని ఇద్దరు స్నేహితులు వచ్చేవాళ్లు. ఇప్పుడు ఆ పేట పిల్లలంతా వచ్చి గది నిండిపోతోంది.

ఆ పొద్దున టిఫిను దగ్గర బిందుమాధవి అసలు సంగతి బయటపెట్టింది. గ్రంథాలయాల్లో పిల్లల విభాగం చూసేవాళ్లకు శిక్షణ ఇచ్చే ట్రస్టు ఒకటి హైదరాబాదులో ఉందట. మూడు నెలల ట్రైనింగు. ఉండటానికి, తినడానికి వాళ్లే చూసుకుంటారు, పైగా స్టైఫండు. తిరిగొచ్చాక రెండేళ్ల పాటు పిల్లల గదికి పుస్తకాలు, బీరువాలు, ఆమెకు సరైన జీతం కూడా వాళ్లే ఇస్తారు. సాల్మన్ గారు దరఖాస్తు పెట్టించారు. జిల్లాకి ఒక్కటే సీటు. దర్శి వైపు అమ్మాయి ఒకరు, తను ఒకరు మిగిలారు.

"రెండో శనివారం పొద్దున పదింటికి వాళ్లు వచ్చి, నేను పిల్లలతో ఎలా చేస్తున్నానో చూస్తారటండీ. అది నచ్చితే సీటు మనదే," అంది భర్తతో. పెళ్లయ్యాక తనకంటూ ఒకటి కావాలని బిందుమాధవి అడగడం అదే మొదలు.

శివరామకృష్ణ తల్లి మొహం వైపు చూసి, "ముందు రానీలే, చూద్దాం," అన్నాడు. ఆ ఇంట్లో ఏ సంగతైనా తల్లి మొహం చూడకుండా తేల్చడం అతనికి చేతకాదు.

"మూడు నెలలు! నడి కోతల్లో!" అంది వెంకటరావమ్మ. "ఇంటికి ఆడదిక్కు లేకుండా పోతే గొడ్లను ఎవరు చూడాలి, పిల్లను ఎవరు చూడాలి?"

"జూన్‌లోనండీ అత్తయ్యా. అప్పటికి కోతలు అయిపోతాయి. భవ్యను మా అమ్మ వచ్చి చూసుకుంటానంది."

అంటే వియ్యపురాలితో మాట్లాడటం కూడా అయిపోయిందన్నమాట. ఆఖరున చెప్పింది తనకి! వెంకటరావమ్మ ప్లేటు పక్కకు నెట్టి లేచిపోయింది.

ఆ పూట పొలం వెళ్తే అక్కడా అదే గోల. మిరప సాళ్లలో కొంగు ఒడి కట్టుకుని కాయ కోస్తున్న ఆడవాళ్లు, కిందటి శనివారం పిల్లలు విని వచ్చిన కథ చెప్పుకుని నవ్వుకుంటున్నారు. ముఠా మేస్త్రి ఖాజాబీ నడుం నిలబెట్టి, "మా మనవడు బుడాన్‌గాడు ఇంట్లో నోరు తెరిచేవాడు కాదమ్మా. ఇప్పుడు రాత్రి అన్నం దగ్గర కథలే కథలు. మీ కోడలు చల్లగా ఉండాల," అంది.

ఇంతలో పక్క సాలులో కొత్తగా వచ్చిన కూలిమనిషి ఒకామె వెంకటరావమ్మను చూపించి, "ఈవిడ ఎవరూ?" అని అడిగింది.

"కథల మేడమ్ గారి అత్తగారు," అంది ఇంకొకామె.

కథల మేడమ్ గారి అత్తగారు! ముప్పయ్యేళ్లు ఈ మట్టిలో ఎండకెండి సంపాదించుకున్న పేరు పోయి, చివరికి ఇది మిగిలింది. ఆ మాట వెంకటరావమ్మ గుండెల్లో గుచ్చుకుంది. ఇల్లు చేరేదాకా అదే మాట తలుచుకుని తలుచుకుని కుమిలింది. ఈ ట్రైనింగు కూడా అయితే ఇక తనను ఈ ఊళ్లో ఎవరు లెక్కచేస్తారు? ఇంట్లో మాత్రం ఎవరు వింటారు?

శుక్రవారం సాయంత్రం కూలీలు పని ముగించి చేతులు కడుక్కుంటుంటే ఖాజాబీని పక్కకు పిలిచింది.

"రేపు చీకటితోనే రండి. పిల్లల్ని కూడా తీసుకురండి, ఒక్కళ్లు కూడా ఇంటి దగ్గర ఉండటానికి వీల్లేదు. పిల్లలకు సగం కూలి ఇస్తా."

ఖాజాబీ తెల్లబోయింది. "రేపు పిల్లలు లైబ్రరీకి పోవాలిగా అమ్మా. హైదరాబాదు నుంచి ఎవురో వస్తన్నారంట. మా బుడాన్‌గాడు ఉతికిన చొక్కా తలకింద పెట్టుకుని పడుకుంటన్నాడు."

"పైన మబ్బు చూశావా? వాన పడితే కాయ మచ్చ పడుద్ది. కాయ పోయాక కథలు తింటారా?"

ఖాజాబీ తలెత్తి ఆకాశం చూసింది. పడమర అరచేతిలో పట్టేంత మబ్బు ఒకటి ఉంది. "వానొచ్చే మబ్బు కాదమ్మా అది," అంది మెల్లగా.

"నువ్వు నాకు మబ్బుల గురించి చెప్పేదానివయ్యావా? రేపు పిల్లలు కనపడకపోతే, ఎల్లుండి నుంచి మీ ముఠా నా చేలో అడుగు పెట్టాల్సిన పనిలేదు. ముఠాలకు కరువా ఈ ఊళ్లో?" గొంతు తగ్గించి ఇంకో మాట అంది. "ఇంకోటి. నేను తెమ్మన్నానని ఎవరితోనైనా అన్నావో, నీ సంగతి చూస్తా. వానకు భయపడి మీరే తెచ్చుకున్నారు. నాకేం తెలీదు. అర్థమైందా?"

కోతల రోజుల్లో కూలి పోతే ఏమవుతుందో ఖాజాబీకి ఒకరు చెప్పక్కర్లేదు. కొంగుతో మొహం తుడుచుకుని, "అట్టాగేనమ్మా," అంది.

శనివారం తెల్లవారింది. బిందుమాధవి నేత చీర ఇస్త్రీ చేసుకుని కట్టుకుంది. భవ్యకు రెండు జడలు వేసింది. బయల్దేరబోతుంటే వెంకటరావమ్మ కుంకుమ భరిణె పట్టుకొచ్చి, కోడలికి తన చేత్తో బొట్టు పెట్టింది. ఎంత ధైర్యం చూడండి ఆ మనిషికి!

"బాగా చెప్పమ్మాయ్," అంది.

బిందుమాధవి కళ్లలో నీళ్లు తిరిగాయి. వంగి అత్తగారి కాళ్లకు దండం పెట్టింది. "మీకు ఇష్టం లేదేమోనని ఎంత భయపడ్డానో అత్తయ్యా," అంది. వెంకటరావమ్మ ఆ మాటకు చలించలేదని చెప్పలేం. చలించింది, అయినా జంతికల డబ్బా చంకనపెట్టుకుని పొలానికే వెళ్లింది.

చేలో పిల్లలంతా ఉన్నారు. తండ్రుల పాత చొక్కాలు తొడుక్కుని, కారం మంటకు చేతులు విదిలించుకుంటూ కాయ కోస్తున్నారు. బుడాన్ మాత్రం తలకు నూనె రాసుకుని, ఉతికిన చొక్కాతోనే వచ్చాడు. ఏ క్షణంలోనైనా వదిలిపెడతారేమో, అటు నుంచి అటే లైబ్రరీకి పరిగెత్తొచ్చని కాబోలు. వెంకటరావమ్మ పిల్లలకు తలా రెండు జంతికలు పెట్టింది.

ఎండ ముదిరాక డొంకదారిన ఎవరో పరిగెత్తుకుంటూ రావడం కనిపించింది. భవ్య. జడ ఒకటి ఊడిపోయింది, కాలికి ఒక్క చెప్పే ఉంది, మొహం కందగడ్డలా అయింది. చేలో పిల్లల్ని చూసి పెద్దగా కేకేసింది.

"ఇక్కడున్నారా! ఇల్లిల్లూ తిరిగాను నాయనమ్మా! అందర్నీ పంపించు. హైదరాబాదు మేడమ్ వాళ్లు ఇంకా కూర్చునే ఉన్నారు. సాల్మన్ తాతగారు టీ తెప్పించారు. ఇంకో అరగంట చూస్తామన్నారు. ఒరే బుడాన్, రారా!"

బుడాన్ లేచాడు. వాడిని చూసి మిగతా పిల్లలూ లేచారు. ఆడవాళ్లు కోత ఆపి వెంకటరావమ్మ వైపు చూశారు. చేలోంచి లైబ్రరీకి పిల్లలు పరిగెడితే పావుగంట దారి. ఆ ఒక్క క్షణం వెంకటరావమ్మ నోరు మూసుకుని ఉంటే చాలు, అన్నీ సర్దుకునేవి.

"కూర్చోండి!" అని అరిచింది. "ఇప్పుడు కదిలినోళ్లకు కూలి లేదు. వాళ్ల అమ్మలకూ లేదు."

ఖాజాబీ మనవడి భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టింది. వాడు ఏడుస్తున్నాడు. కళ్లు తుడుచుకోబోతే కారం చేతులని వాళ్లమ్మ ఆపింది.

భవ్యకు ఏమీ అర్థం కాలేదు. "నాయనమ్మా, అమ్మ కథ ఎవరికి చెప్పిద్ది? అక్కడ నేనొక్కదాన్నేగా ఉన్నాను," అంది.

వెంకటరావమ్మ మనవరాలి రెక్క పట్టుకుని కళ్లం పక్కకు లాక్కెళ్లింది. ఇది ఇంటికెళ్లి చెబితే తన గతేం కాను? కొడుకు ముందు ఏ మొహం పెట్టుకోవాలి? ఆలోచించలేదు. నోటికొచ్చింది అనేసింది.

"చూడు భవ్యా. నువ్వు ఇక్కడికి రాలేదు. నన్ను చూడలేదు. పిల్లల్ని చూడలేదు. నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వెయ్యి."

"ఎందుకు?"

"వెయ్యమంటుంటే! అమ్మకు చెప్పావంటే నాయనమ్మ చచ్చిపోద్ది."

భవ్య కళ్లు పెద్దవయ్యాయి. "నిజంగానా?"

"నిజంగానే. మీ తాతయ్య ఎట్టా పోయాడనుకున్నావు? నీ అంతప్పుడు మీ నాన్న ఒట్టు తప్పాడు. తెల్లారేసరికి తాతయ్య లేడు."

యలమందయ్య పోయింది గుండెపోటుతో. అప్పటికి శివరామకృష్ణ పదో తరగతి. ఆ మాట ఆవిడ నోట్లోంచి ఎట్లా వచ్చిందో ఆవిడకే తెలియదు. భవ్య మాత్రం హాలు గోడ మీద దండ వేసిన తాతయ్య ఫోటో రోజూ చూసే పిల్ల. నాయనమ్మ తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది.

మధ్యాహ్నం సాల్మన్ గారు బిందుమాధవిని వెంటబెట్టుకుని ఇంటికొచ్చారు. ఆమె నేరుగా లోపలికి వెళ్లిపోయింది.

"ఒక్క పిల్లవాడూ రాలేదమ్మా. వెతకడానికి వెళ్లిన భవ్య కూడా ఒక్కతే తిరిగొచ్చింది," అన్నారాయన, అరుగు మీద కూలబడి. "చూసి చూసి, ఇక వాళ్లు లేస్తుంటే, ఖాళీ చాపల ముందు నిలబడి కథ మొదలుపెట్టింది. సగం దాకా చెప్పి ఆపేసింది. ఆ మేడమ్ గారు మంచావిడే. కథ బాగా చెబుతున్నారమ్మా, కానీ పిల్లలే రాని చోటికి మేం సాయం ఎట్లా చేస్తాం అన్నారు. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది?"

"అయ్యో రామా!" అంది వెంకటరావమ్మ, బుగ్గన చెయ్యి పెట్టుకుని. "నేను పొద్దుటి నుంచి కళ్లం దగ్గరే ఉన్నానండీ. చేలోకి పిల్లలొచ్చిన సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. ఆ ఖాజాబీ తెచ్చిందంట, వాన భయం పెట్టి."

మర్నాడు కూలి డబ్బులకు ఖాజాబీ వచ్చింది. బిందుమాధవి బయటికొచ్చి ఆమె ఎదురుగా నిలబడింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"ఖాజాబీ, ఒక్క పూట ఆగలేకపోయావా? నీ బుడాన్‌కి నేనేం తక్కువ చేశాను?"

ఖాజాబీ వెంకటరావమ్మ వైపు చూసింది. వెంకటరావమ్మ డబ్బులు చేతిలోనే ఉంచుకుని, ఇవ్వకుండా ఆమె వైపే చూస్తోంది.

"తప్పయిపోయిందమ్మా," అంది ఖాజాబీ, తల వంచుకుని.

"పిల్లల చదువు కంటే కూలే ఎక్కువైపోద్ది వీళ్లకి," అంది వెంకటరావమ్మ డబ్బులు అందిస్తూ. అబద్ధం ఆడించింది చాలక, ఆ పైన ఈ మాట కూడా అనాలా? అంది. ఖాజాబీ డబ్బులు కొంగున కట్టుకుని వెళ్లిపోయింది. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. కూలి పోతుందన్న భయంతో ముఠాలో మిగతావాళ్లూ అసలు సంగతి బయటపెట్టలేదు. తన కూలి డబ్బులు వేరే ఎవరితోనో తెప్పించుకునేది.

సీటు దర్శి వైపు అమ్మాయికి వచ్చిందని వారంలో కబురొచ్చింది. బిందుమాధవి లైబ్రరీ మానేసింది. సాల్మన్ గారు రెండుసార్లు వచ్చి బతిమాలినా వెళ్లలేదు. "రాని పిల్లల కోసం నేనెందుకండీ," అంది. ఆ శనివారం పిల్లల కూలి డబ్బు రుచి చూసిన ఇళ్ల నుంచి పిల్లలు ఆ తర్వాత కూడా శనివారాలు కోతకే వెళ్లారు. బొమ్మల గోడల గదిలోకి పాత పేపర్లు మళ్లీ వచ్చి చేరాయి.

వెంకటరావమ్మ కోరుకున్నట్టే ఇల్లు కుదుటపడింది. ఉప్మా మాడటం లేదు. చెప్పిన పని చెప్పినట్టు జరుగుతోంది. కోడలు నవ్వడం కూడా మానేసింది. ఇదేగా కావాల్సింది? మరి అన్నం సయించదేం? వంటింట్లోకి వెళ్తే ఆ నిశ్శబ్దానికి భయమేసి, గిన్నెలు కావాలని చప్పుడు చేస్తూ సర్దుకునేది.

భవ్య కూడా మారిపోయింది. తల్లి పక్కన కూర్చోదు. ఏమన్నా అడిగితే ఊఁ, ఉహూఁ తప్ప మాటుండదు. పలకరిస్తే చాలు, పెదవులు బిగించుకుని పక్కకు తప్పుకుంటుంది. నాయనమ్మను మాత్రం క్షణం వదలడం లేదు. ఆవిడ దగ్గితే పరిగెత్తుకొస్తుంది. పగలు కాసేపు నడుం వాలిస్తే మంచం పక్కనే నిలబడి మొహంలోకి చూస్తుంటుంది.

"చూశావా, పిల్లకు నేనంటే ఎంత ప్రాణమో!" అని కొడుకుతో చెప్పుకుని మురిసింది వెంకటరావమ్మ. ఒట్టు సంగతి ఆవిడకు గుర్తే లేదు. అవసరానికి ఒక మాటన్నది, అవసరం తీరింది, ఆ మాట పోయింది. చిన్నపిల్ల కూడా మర్చిపోయి ఉంటుందిలే అని కూడా అనుకోలేదు, అసలు తలుచుకుంటేగా!

వేసవి సెలవులు వచ్చాయి. ప్రోగ్రెసు కార్డు ఇస్తూ టీచరు, పిల్ల క్లాసులో నోరు విప్పడం లేదని, ఒంగోలులో మంచి డాక్టరుకు చూపించమని చెప్పింది. ఆ పూట ఇంటికొచ్చిన బిందుమాధవి కూతుర్ని హాల్లో తన ముందు నిలబెట్టుకుంది. శివరామకృష్ణ అన్నానికి అప్పుడే కొట్టు నుంచి వచ్చాడు. వెంకటరావమ్మ నేల మీద కూర్చుని తాలు కాయలు ఏరుతోంది.

"ఏమైందే నీకు? ఆ రోజు నుంచేగా ఇట్లా ఉన్నావు? నన్ను చూస్తే సిగ్గుగా ఉందా? మీ అమ్మకు కథలు చెప్పడం రాదని ఎవరైనా అన్నారా?"

భవ్య తల అడ్డంగా ఊపింది.

"నోరు తెరువు భవ్యా. నాకు పిచ్చెక్కుతోంది."

భవ్య రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. అంతే, బిందుమాధవికి ఎక్కడ లేని కోపం వచ్చేసింది. ఎన్నడూ పిల్ల మీద చెయ్యెత్తని మనిషి చెంప మీద ఒక్కటి వేసింది. మళ్లీ వేసింది. "చెప్పవే! చెప్పు!" అని ఏడుస్తూ కొడుతోంది. శివరామకృష్ణ పళ్లెం వదిలేసి వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"చెప్పను," అంది భవ్య వెక్కుతూ. "చెప్తే చచ్చిపోయిద్ది."

"ఎవరు? ఎవరు చచ్చిపోయేది?"

భవ్య నాయనమ్మ వైపు చూసింది.

వెంకటరావమ్మ చేతిలోని కాయలు జారిపోయాయి. కళ్లం, ఎండ, తల మీద చిన్న చెయ్యి, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చాయి. దగ్గితే పరిగెత్తుకొచ్చింది ప్రేమతో కాదు. మంచం పక్కన నిలబడింది ముద్దుతో కాదు. ఓరి భగవంతుడా! ఇన్నాళ్లూ ఈ పసిది తను బతికుందా లేదా అని చూసుకుంటోంది!

"కొట్టబాక అమ్మాయ్," అంది, గోడ పట్టుకుని లేస్తూ. "దాన్ని కొట్టబాక. నేను చెబుతా. ఆ రోజు పిల్లల్ని..."

"వద్దు!" భవ్య కేక ఇంటి బయటికి వినిపించింది. తండ్రిని తోసుకుని వచ్చి నాయనమ్మ మెడ పట్టుకుని వేలాడి, అరచేతులతో ఆవిడ నోరు గట్టిగా మూసేసింది. "చెప్పొద్దు నాయనమ్మా! చెప్తే చచ్చిపోతావు! తాతయ్య లాగా చచ్చిపోతావు! నేను చెప్పలేదుగా, అమ్మ కొట్టినా చెప్పలేదుగా!"

వెంకటరావమ్మ ఆ చేతుల్ని తప్పించి, తప్పించి, మొత్తం చెప్పింది. పిల్లల్ని తెమ్మన్నది తనే. వానా లేదు, వంకా లేదు. ఖాజాబీకి ఏ పాపమూ తెలియదు. అరగంట టైముందని భవ్య వచ్చి చెబితే, లేచిన పిల్లల్ని కూర్చోబెట్టిందీ తనే. తర్వాత ఈ పసిదాని చేత ఏమని ఒట్టు వేయించుకుందో కూడా చెప్పింది. ఒక్కో మాటకీ భవ్య ఆవిడ మొహంలోకి భయంభయంగా చూస్తోంది.

శివరామకృష్ణ గోడ మీది తండ్రి ఫోటో వైపు చూశాడు, తర్వాత తల్లి వైపు చూశాడు. "నేను చంపానన్నావా అమ్మా? దానికి నేనే నాన్నను చంపానని చెప్పావా?" అన్నాడు.

బిందుమాధవి కొట్టిన చెయ్యిని ఇంకో చేత్తో పట్టుకుని నిలబడింది.

"ఆ రోజు మీరు నాకు బొట్టు పెట్టారు," అంది చివరికి.

"తప్పు చేశానే తల్లీ. నీ కాళ్లు పట్టుకుంటా."

"నా సీటు పోతే పోయింది అత్తయ్యా. ఇవ్వాళ కాకపోతే ఇంకో ఏడు ఇంకోటి వచ్చేది. మీకు ఇష్టం లేదని ఒక్క మాట అంటే నేనే మానేసేదాన్నేమో కూడా. ఖాజాబీని నిష్ఠూరమాడాను, వెళ్లి ఆమె కాళ్లు పట్టుకుంటాను. కానీ ఈ పిల్ల చేత మీ చావు మోయించారే! ఎనిమిదేళ్ల పిల్ల చేత! నేను దాన్ని కొడుతుంటే అక్కడ కూర్చుని కాయలు ఏరుకున్నారు."

"అది గుర్తుపెట్టుకుందని నాకు తెలీదే..."

"మీరు మర్చిపోయారు. అది మర్చిపోలేదు. ఎందుకో తెలుసా? దానికి మీరంటే ఇష్టం కాబట్టి."

ఆ మాటతో వెంకటరావమ్మ నిలబడలేక నేల మీద కూలబడింది. భర్త పోయిన నాడు కూడా నలుగురి ముందు ఏడవని మనిషి, కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా లోపలి నుంచి ఏడుపు తన్నుకొచ్చింది. ఆ శబ్దానికి భవ్య ఉలిక్కిపడి ఆవిడ ఒళ్లోకి ఎక్కి, రెండు బుగ్గలూ పట్టుకుని కుదిపేసింది.

"నాయనమ్మా! నాయనమ్మా! ఏమైంది? నాన్నా, నాయనమ్మకు ఏదో అవుతోంది!"

"ఏం కాదమ్మా, ఒట్టు వేస్తే ఎవరూ చచ్చిపోరు. నాయనమ్మ అబద్ధం చెప్పింది," అన్నాడు శివరామకృష్ణ. భవ్య నమ్మలేదు. ఎవరు చెప్పినా ఎట్లా నమ్ముతుంది?

"ఏడవకండి అత్తయ్యా," అంది బిందుమాధవి. ఆ గొంతులో జాలి లేదు. "మీరు ఏడిస్తే అది చావే అనుకుంటుంది. మీరు ఏడవాలనుకుంటే పొలం వెళ్లి ఏడవండి. దీని ముందు మాత్రం ఏడవకండి."

వెంకటరావమ్మ పళ్ల బిగువున ఏడుపు మింగింది. ఇంకోసారి వచ్చింది, ఇంకోసారి మింగింది. ఒళ్లంతా కదిలిపోతోంది గానీ కళ్లలోంచి చుక్క రానివ్వలేదు. పిల్ల కోసం పెదవుల మీదికి నవ్వు కూడా తెచ్చుకుంది. భవ్య ఆ నవ్వును కూడా నమ్మకుండా, చెవి తీసుకెళ్లి ఆవిడ గుండె మీద పెట్టుకుంది. ఊపిరి బిగబట్టి చాలాసేపు విన్నది. తర్వాత తలెత్తి, ఇన్ని నెలలకు మొదటిసారి తనంతట తాను తల్లితో మాట్లాడింది.

"కొట్టుకుంటోందమ్మా," అంది. "ఇంకా కొట్టుకుంటోంది."